రాతి అచ్చు నుండి చేతి ఫోను దాకా
(ఉర్దూ చదువు, కంప్యూటరు, మన పిల్లలు: ఒక చారిత్రక పరిశీలన)

విద్య నేర్వడం ప్రతి ముస్లిం స్త్రీకి, పురుషునికి విధి అన్న మాట మనం ప్రతి జల్సాలోనూ వింటూనే ఉంటాము. మన పరమ గ్రంథంలో మొట్టమొదట అవతరించిన ఆజ్ఞ కూడా చదవమన్న ఆజ్ఞే. అయితే చదువు ఊరికే రాదు. దానికొక పనిముట్టు కావాలి. ఒకప్పుడు ఆ పనిముట్టు కలము, దవాతు. తర్వాత అచ్చు యంత్రం వచ్చినది. ఆ పైన టైపురైటరు, టెలిప్రింటరు వచ్చినవి. ఇప్పుడు కంప్యూటరు, ఫోను. పనిముట్టు మారినప్పుడల్లా అది కొందరికి ముందుగా అందినది, కొందరికి చాలా ఆలస్యంగా అందినది. ఆలస్యంగా అందినవారిని లోకం "వెనుకబడినవారు" అన్నది. వాళ్ళు నిజంగానే వెనుకబడ్డారా, లేక పనిముట్టే వాళ్ళ గడప దాకా రాలేదా అని అడిగినవారు తక్కువ. ఉర్దూ అక్షరం విషయంలో ఏమి జరిగినదో వరుసగా చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. ఇది పండితుల కోసం రాసినది కాదు. మన సొసైటీ సభ్యులు, వారి ఇళ్ళలోని తల్లులు, చదువుకునే పిల్లలు చదువుకోవాలని రాసినది.

అచ్చు యంత్రం, నస్తాలీఖ్ రాత

మన దేశానికి అచ్చు యంత్రం 1556లో గోవాకు వచ్చినది. తెచ్చినవారు పోర్చుగీసు క్రైస్తవ మత ప్రచారకులు. తర్వాత మెల్లగా అన్ని భాషలకూ సీసపు అక్షరాలు పోత పోయడం మొదలైనది. తెలుగు అక్షరాలకు 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలోనే అచ్చులు తయారై, వ్యాకరణాలు, గ్రంథాలు వెలువడినవి. కలకత్తాలో 1800లో నెలకొల్పిన ఫోర్ట్ విలియం కాలేజీలో ఉర్దూకు కూడా నస్తాలీఖ్ అచ్చు అక్షరాలు చేయించారు. కాని ఆ అక్షరాలు జనానికి నచ్చలేదు. ఆ కాలేజీ పుస్తకాలు దాటి అవి బయటికి వెళ్ళలేదు.

దీనికి కారణం రాతలోనే ఉన్నది. తెలుగు అక్షరాలు గీత గీసినట్టు ఒక వరుసలో కూర్చుంటాయి. అరబ్బీ వారి నస్ఖ్ రాత కూడా ఇంచుమించు అంతే, సమంగా ఒక గీత మీద నడుస్తుంది. కాని మన ఉర్దూ నస్తాలీఖ్ అలా కాదు. ప్రతి మాట కుడివైపు పైనుండి ఎడమవైపు కిందికి వాలుతూ వస్తుంది. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఇంకొక రూపం తీసుకుంటుంది. పక్కన ఏ అక్షరం ఉన్నదనే దాన్ని బట్టి మళ్ళీ మారుతుంది. కాతిబు చేతికి ఇది సులువు. సీసపు ముక్కకు ఇది అసాధ్యం. అక్షరానికొక ముక్క చొప్పున పోత పోస్తే చాలదు, జోడింపులన్నిటికీ కలిపి వేల ముక్కలు కావాలి. అన్ని వేల ముక్కలు పెట్టెల్లో సర్దుకొని, ఏరుకొని, కూర్చి, అచ్చు వేసి, మళ్ళీ విప్పి ఎక్కడివక్కడ పెట్టడం ఏ ప్రెస్సు వల్లా కాలేదు.

అంటే మన అక్షరం యొక్క అందమే దానికి అడ్డంకి అయినది. ఇందులో చదువుకునే పిల్లవాడి తప్పు గాని, రాసే కాతిబు తప్పు గాని ఏమున్నది చెప్పండి?

రాతి అచ్చు చేసిన మేలు

ఈ కష్టానికి ఒక విరుగుడు జర్మనీ దేశం నుండి వచ్చినది. 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే ఆయన రాతి మీద అచ్చు వేసే పద్ధతి కనిపెట్టాడు. దానినే లిథోగ్రఫీ అంటారు. కొవ్వు కలిసిన సిరాతో రాసిన రాతను నున్నటి రాతి పలక మీదికి ఎక్కిస్తారు. రాతిని నీటితో తడిపి సిరా పూస్తే, రాత ఉన్నచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. దాని మీద కాగితం వేసి నొక్కితే కాతిబు చేతిరాత ఉన్నది ఉన్నట్టుగా దిగుతుంది. ఇక సీసపు ముక్కలతో పని లేదు.

1820ల్లో ఈ విద్య మన దేశానికి వచ్చినది. ఉర్దూ వారికి ఇది వరమైనది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ నెలకొల్పిన ప్రెస్సు ఈ పద్ధతి మీదనే వేలాది గ్రంథాలను అచ్చు వేసినది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ పుస్తకాలతోపాటు పవిత్ర ఖుర్‌ఆన్ ప్రతులను కూడా సామాన్యుడు కొనగలిగే ధరకు ఇచ్చినది. ఒక హిందూ సోదరుని ప్రెస్సు నుండి మన ఇళ్ళకు ఖుర్‌ఆన్ చేరిన ఆ రోజులను మన పిల్లలకు తప్పక చెప్పాలి. అంతకుముందు రాతప్రతి కొనగలిగిన వాడే పుస్తకం చూసేవాడు. రాతి అచ్చు వచ్చాక మక్తబులో చదివే పిల్లవాడి చేతికి కూడా పుస్తకం వచ్చినది. పనిముట్టును మన రాతకు తగినట్టు చేసుకుంటే ఏమి జరుగుతుందో ఇది మొదటి ఉదాహరణ.

అయితే ఇందులోనే ఒక చిక్కు కూడా ఉన్నది. రాతి అచ్చుతో పని జరిగిపోతూ ఉన్నందున సీసపు అచ్చు కోసం, మీటలు నొక్కే యంత్రం కోసం గట్టిగా ప్రయత్నించవలసిన తొందర కనిపించలేదు. తక్కిన భాషలు యంత్రంతో పేచీ పడి, రాజీ పడి ముందుకు పోతుంటే మనం కాతిబు చేతి మీదనే ఆధారపడి ఉండిపోయాము. ఆ సుఖానికి తర్వాత వంద సంవత్సరాలు మూల్యం చెల్లించవలసి వచ్చినది.

టైపురైటరు, టెలిప్రింటరు

19వ శతాబ్దం చివర టైపురైటరు వచ్చినది. కచేరీలన్నిటిలో అది చేరినది. ఉర్దూ టైపురైటర్లు కొన్ని వచ్చినా అవి నస్ఖ్ రాతలో ఉండేవి. మన జనానికి అది కంటికి ఆనలేదు. నిజాము కాలంలో హైదరాబాదు సంస్థానం నస్తాలీఖ్ టైపురైటరు చేయించాలని ప్రయత్నం చేసినది. అది విఫలమైనది. వ్యాపార పద్ధతిలో ఇది సాధ్యం కాదని తేల్చి ఆ ఫైలు మూసివేశారు. ఆశ్చర్యమేమంటే, ఆ సంస్థానమే 1917లో దారుల్ తర్జుమాను స్థాపించి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని తెరిచి, వైద్యము, ఇంజనీరింగు సహా పెద్ద చదువులన్నీ ఉర్దూలో చెప్పించినది. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య నేర్పిన మొదటి సంస్థ అదే. అంత ధనము, అంత పాండిత్యము, అంత పట్టుదల ఉన్నచోట కూడా ఒక్క టైపురైటరు కాలేదు. 1948 తర్వాత అక్కడ బోధన ఇంగ్లీషుకు మారిపోయినది. ఇక ఆ ప్రయత్నాన్ని నెత్తిన వేసుకునేవారు లేకపోయారు.

పత్రికల సంగతి చూడండి. మొదటి ఉర్దూ వారపత్రిక "జామె జహాఁ నుమా" 1822లోనే కలకత్తాలో వెలువడినది. దేశంలో మిగతా ఎన్నో భాషలకంటే ముందే పత్రిక పెట్టుకున్న భాష మనది. కాని తంతి మీద వార్తలు రావడం మొదలయ్యాక అవి ఇంగ్లీషులో వచ్చేవి. ఉర్దూ పత్రికలో వాటిని తర్జుమా చేయాలి. తర్జుమా అయ్యాక కాతిబు కూర్చుని రాయాలి. రాసిన దాంట్లో తప్పు దొర్లితే గోకి మళ్ళీ రాయాలి. అర్ధరాత్రి వచ్చిన పెద్ద వార్త ఉదయం పత్రికలో ఎక్కాలంటే ఎంత కష్టమో ఊహించండి. యు.ఎన్.ఐ. సంస్థ హిందీ వార్తల సర్వీసు 1982లో మొదలైనది. అదే సంస్థ ఉర్దూలో టెలిప్రింటరు సర్వీసు 1992 జూన్‌లో మొదలుపెట్టినది. పదేళ్ళ తేడా. వార్తలకు పదేళ్ళంటే ఒక తరం కింద లెక్క.

కంప్యూటరు వచ్చిన రోజులు

మన దేశంలో మొదటి కంప్యూటరును 1955లో కలకత్తా లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టారు. చాలాకాలం అది పెద్ద శాస్త్రవేత్తల వ్యవహారంగానే ఉండినది. 1984లో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించినది. అదే సంవత్సరం "క్లాస్" అనే పేరుతో పాఠశాలల్లో కంప్యూటరు నేర్పే పథకం తొలి విడతగా సుమారు 250 బడులలో ఆరంభమైనది. దానికి బ్రిటన్ నుండి బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు తెప్పించారు. మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. పాఠాలు ఇంగ్లీషులో. లక్షలాది బడులున్న దేశంలో 250 బడులంటే ఎవరి పిల్లలు చదివే బడులకు ముందు వచ్చి ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

కంప్యూటరుకు భారతీయ భాషలు నేర్పే పని కూడా ఆ రోజుల్లోనే మొదలైనది. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో మొదలైన జిస్ట్ పరిజ్ఞానం తర్వాత పూనాలోని సి-డాక్ సంస్థకు వెళ్ళినది. 1991లో ఇస్కీ అనే జాతీయ ప్రమాణం స్థిరపడినది. ప్రమాణమంటే ఏమిటి? ప్రతి అక్షరానికి ఒక అంకె కేటాయించడం. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఫలానా అంకె వస్తే ఫలానా అక్షరం చూపించు అని అందరూ ఒప్పుకుంటేనే ఒకచోట రాసినది ఇంకొకచోట చదవడానికి వీలవుతుంది. దేవనాగరి, తెలుగు, తమిళం, బెంగాలీ మొదలైన బ్రాహ్మీ మూలం గల లిపులన్నీ ఆ ఇస్కీ ప్రమాణంలో ఒకే కుటుంబంగా చేరినవి. ఉర్దూ, సింధీ, కాశ్మీరీలకు వాడే అరబ్బీ-ఫారసీ లిపి అందులో చేరలేదు. లిపి స్వభావం వేరు గనుక దానికి పాస్కీ అని వేరే ప్రమాణం పెట్టారు. ఇది ద్వేషంతో చేసినది కాదు, శాస్త్ర కారణం ఉన్నది. అయినా ఫలితం మాత్రం ఒకటే. అందరికీ కలిపి చేసిన పని ముందు వాడుకలోకి వచ్చినది, విడిగా పెట్టిన పని వెనుకబడినది.

ఇంతలో అసలు చిక్కుముడిని ఒక ఖత్తాతు విప్పాడు. ఢిల్లీలో పుట్టి, విభజన తర్వాత పాకిస్తాన్‌లో స్థిరపడిన మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన వేలకొద్దీ అక్షరాల జోడింపులను తన చేత్తో రాశాడు. బ్రిటన్‌కు చెందిన మోనోటైప్ సంస్థ వాటిని కంప్యూటరులోకి ఎక్కించినది. 1981లో "నూరీ నస్తాలీఖ్" తయారైనది. ఫోర్ట్ విలియం కాలేజీ నుండి లెక్కవేస్తే సుమారు 180 ఏళ్ళు. హైదరాబాదు సంస్థానం కాదని ఫైలు మూసిన పని ఒక కళాకారుడి చేతితోనూ, ఒక యంత్రంతోనూ కలిసి జరిగినది. పాకిస్తాన్‌లోని "జంగ్" పత్రిక దానిని వాడుకలోకి తెచ్చినది. కాని ఆ యంత్రాలు పెద్ద పత్రికలు కొనగలిగినవే గాని, బజారులోని చిన్న ప్రెస్సు కొనగలిగినవి కావు. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వారు "ఇన్‌పేజ్" అనే ప్రోగ్రాము తెచ్చాక మామూలు కంప్యూటరు మీద నస్తాలీఖ్‌లో పేజీ తయారు చేయడం సులువైనది.

కాతిబుల మాట

ఇన్‌పేజ్ రావడంతో ఉర్దూ పత్రికలు, ప్రెస్సులు తెరిపిన పడినవి. కాని కాతిబులు వీధిన పడ్డారు. హైదరాబాదు ఛత్తా బజారులో పెళ్ళి శుభలేఖలు, పోస్టర్లు, పుస్తకాలు రాసి ఖానదాన్లను పోషించుకున్న కళాకారులు ఎందరో. చిన్ననాటి నుండి ఉస్తాదు దగ్గర కూర్చుని, కలం చెక్కుకోవడం నుండి నేర్చుకున్న విద్య అది. యంత్రం వచ్చిన కొద్ది సంవత్సరాలలో ఆ విద్యకు గిరాకీ పోయినది. చెన్నై నుండి 1927లో మొదలైన "ముసల్మాన్" పత్రిక మాత్రం 2000 సంవత్సరం దాటాక కూడా కాతిబుల చేతిరాతతోనే వెలువడుతూ లోకాన్ని ఆశ్చర్యపరచినది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కంప్యూటరు నేర్చుకున్న కాతిబు బతికాడు. నేర్చుకునే అవకాశం లేనివాడు పని మానుకున్నాడు. ఇద్దరి ప్రతిభలో తేడా లేదు. నేర్పేవాడు దగ్గర ఉన్నాడా లేడా అన్నదే తేడా. కేంద్ర ప్రభుత్వం 1996లో ఏర్పాటు చేసిన జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి దేశంలో అనేక చోట్ల ఉర్దూ కంప్యూటరు శిక్షణ కేంద్రాలు నడిపినది. మన ఉర్దూ అకాడమీ వారు కూడా కేంద్రాలు పెట్టారు. అవి ఉన్న ఊళ్ళలో మన పిల్లలు డి.టి.పి. నేర్చుకొని తమ కాళ్ళ మీద నిలబడ్డారు. లేని ఊళ్ళలో ఆ అవకాశం లేకపోయినది.

బొమ్మగా మిగిలిన అక్షరం

1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ఇంటర్నెట్ సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. అయితే ఇన్‌పేజ్‌లో రాసినది ఇన్‌పేజ్‌లోనే చదవాలి. దానిని ఇంటర్నెట్‌లో పెట్టాలంటే పేజీని ఫోటో తీసినట్టు బొమ్మగా మార్చి పెట్టేవారు. బొమ్మలో ఒక మాట వెదకడానికి వీలుండదు, నకలు తీయడానికి వీలుండదు. ఆనాటి నెమ్మది టెలిఫోను లైను మీద ఆ బొమ్మ దిగడానికే నిమిషాలు పట్టేది. ఇంగ్లీషు పిల్లవాడు ఒక మాట కొట్టి లోకమంతా వెదుకుతుంటే ఉర్దూ పిల్లవాడు ఒక పేజీ తెరుచుకోవడానికి కాచుకొని కూర్చున్నాడు.

ఈ బాధ తెలుగువారికి కూడా తెలియనిది కాదు. అను వంటి డి.టి.పి. అక్షరాలతో టైపు చేసిన తెలుగు ఇంకొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపించిన రోజులు ప్రెస్సువారందరికీ గుర్తే. దీనికి మందు యూనికోడ్. లోకంలోని అన్ని లిపులకూ ఒకే అంకెల పట్టిక అది. 1991లో మొదటి పట్టిక వచ్చినప్పుడే అందులో తెలుగు ఉన్నది, అరబ్బీ లిపి కూడా ఉన్నది. కాని అంకె ఉంటే చాలదు, చూపించే అక్షర రూపం కావాలి. చాలాకాలం ఉర్దూ ఇంటర్నెట్‌లో నస్ఖ్ రూపంలోనే కనిపించేది. 2008లో జమీల్ నూరీ నస్తాలీఖ్, 2014లో గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ వచ్చాక పరిస్థితి మెరుగుపడినది.

ఈ ఆలస్యం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఒక తరం పిల్లలు ఫోనులో ఉర్దూను ఇంగ్లీషు అక్షరాలతో రాయడం అలవాటు చేసుకున్నారు. తెలుగు పిల్లలూ అంతే. నోట భాష ఉన్నది, వేలికి లిపి పోయినది. బడిలో నేను ఉర్దూ ఇమ్లా చెబితే తప్పులు రాసే పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ చకచకా కొడతాడు. వాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. ఫోను వాడికి ముందు ఆ దారే చూపించినది.

20 కిలోమీటర్ల దూరం

1998 నవంబరు 22న హైదరాబాదులో హైటెక్ సిటీ మొదటి భవనాన్ని నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అదే సంవత్సరం పార్లమెంటు చట్టంతో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినది. అది ఉన్నది కూడా దగ్గరలోనే, గచ్చిబౌలిలో. చార్మినారు నుండి హైటెక్ సిటీకి సుమారు 20 కిలోమీటర్లు. బస్సులో పోతే అంత దూరమే. కాని పాత నగరపు ఉర్దూ మీడియం బడిలో చదివిన పిల్లవాడికి ఆ దూరం దాటడానికి కంప్యూటరు కావాలి, ఇంగ్లీషు కావాలి, నేర్పేవాడు కావాలి, నేర్చుకునే దాకా ఇంట్లో తిండి జరగాలి.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక మన సంగతి లెక్కలతో చెప్పినది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతం. 6 నుండి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖమే చూడనివారు, లేదా మధ్యలో మానినవారు. కంప్యూటరు సంగతి తర్వాత, పలకే అందని పిల్లలు వీరు.

ఇక దేశమంతటి లెక్క చూద్దాము. 2017-18లో కేంద్ర ప్రభుత్వపు జాతీయ నమూనా సర్వే జరిగినది. పల్లెల్లో నూటికి 4.4 ఇళ్ళలో, పట్టణాల్లో 23.4 ఇళ్ళలో మాత్రమే కంప్యూటరు ఉన్నది. ఇంటర్నెట్ సౌకర్యం పల్లెల్లో 14.9 శాతం ఇళ్ళకు, పట్టణాల్లో 42 శాతం ఇళ్ళకు ఉన్నది. కనుక ఇది ముస్లింల గొడవ మాత్రమే అనుకోరాదు. కూలి చేసుకునే ప్రతి ఇంటిది, ప్రతి పల్లెది. మనం అందులో ఒక భాగం.

2020 నేర్పిన పాఠం

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినవి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా, ఫోను ద్వారా పాఠాలు మొదలైనవి. ప్రభుత్వం టి.వి.ని వాడుకోవడం మంచి పని, ఎందుకంటే ఇంటర్నెట్ కంటే టి.వి. ఎక్కువ ఇళ్ళలో ఉన్నది. కాని టి.వి. చెబుతుందే గాని వినదు. పిల్లవాడికి అర్థం కాకపోతే అడగడానికి ఎవరూ లేరు.

ఆ సంవత్సరం ఉపాధ్యాయులమైన మాకు అసలు లెక్క కళ్ళకు కట్టినది. చాలా ఇళ్ళలో ఉన్నది ఒకే ఫోను. అది తండ్రిది. ఆయన వెల్డింగు షాపుకో, ఆటో మీదికో తీసుకుపోతే రాత్రి తొమ్మిదికి గాని ఇంటికి రాదు. ఇద్దరు పిల్లలుంటే ఫోను ముందు అన్నకు, తర్వాత చెల్లెలికి. చెల్లెలి వంతు వచ్చేసరికి చార్జింగో, డేటానో అయిపోయేది. రాత్రి పది దాటాక హోంవర్కు ఫోటోలు పంపిన ఆడపిల్లల పట్టుదలను మెచ్చుకోవాలి. పంపలేకపోయిన వారిని హాజరు పట్టీలో "గైర్హాజరు" అని రాయడానికి చేయి రాలేదు. గైర్హాజరైనది పిల్ల కాదు, పనిముట్టు.

ఆడపిల్లల సంగతి

ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన ఇంట్లో అందరికీ ఉన్నట్టు కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. పల్లెటూళ్ళ స్త్రీలలో అయితే 24.6 శాతమే. ఇది ఒక మతానికి సంబంధించిన లెక్క కాదు, మొత్తం దేశపు లెక్క. అయినా మన ఇళ్ళలోకి మనం తొంగి చూసుకోవలసిన లెక్క.

ఆడపిల్ల చేతికి ఫోను ఇస్తే చెడిపోతుందన్న భయం మన బిరాదరీలో చాలామంది పెద్దలకు ఉన్నది. భయం అర్థం చేసుకోతగినదే. కాని అదే ఫోను మగపిల్లవాడి చేతికి రాత్రంతా ఇస్తున్నప్పుడు ఆ భయం ఏమైపోతుంది? కేరళలో ఒక కాలేజీ హాస్టలులో సాయంత్రం వేళ అమ్మాయిలు ఫోను వాడరాదని ఆంక్ష పెడితే, ఒక విద్యార్థిని హైకోర్టుకు వెళ్ళినది. ఇంటర్నెట్‌ను అందుకోవడం విద్యాహక్కులో భాగమని ఆ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. కాపలా పెట్టడం వేరు, తలుపు మూయడం వేరు. పిల్లకు మంచిచెడ్డలు నేర్పి ఇవ్వడం మన పని.

ఒక పేరు, పది స్పెల్లింగులు

ఇప్పటి పరిస్థితి 2017-18 నాటిలా లేదు. 2025 మొదట్లో జరిగిన కేంద్ర సర్వే ప్రకారం దేశంలో 85.5 శాతం ఇళ్ళలో కనీసం ఒక స్మార్ట్‌ఫోను ఉన్నది. సంతోషమే. కాని 2023-24లో కూడా కంప్యూటర్లున్న బడులు నూటికి 57.2, ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 మాత్రమే. అంటే ఫోను ఇంటికి వచ్చినంత వేగంగా నేర్పేవాడు రాలేదు. ఫోనులో సినిమా చూడటం ఎవరైనా ఒక గంటలో నేర్చుకుంటారు. దరఖాస్తు నింపడం అలా రాదు.

దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి వెళ్ళినవి. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చినవి. కేంద్ర ప్రభుత్వ విద్యార్థి వేతనాలకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ 2015లో వచ్చినది. క్యూలో నిలబడే బాధ తగ్గిన మాట నిజం. దాని స్థానంలో కొత్త బాధ వచ్చినది. అది మన పేర్ల బాధ.

ఉర్దూలో "ముహమ్మద్" అని రాస్తే నాలుగే అక్షరాలు, ఒకటే రూపం. అదే ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి బడి రిజిస్టరులో మొహమ్మద్ అవుతుంది, ఆధార్‌లో మహమ్మద్ అవుతుంది, బ్యాంకు పుస్తకంలో ఎం.డి. అయి కూర్చుంటుంది. షేకు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. "బేగం" ఒక కాగితంలో ఉంటుంది, ఇంకొక కాగితంలో ఉండదు. మనిషి అయితే చూసి "వీడే వాడు" అంటాడు. కంప్యూటరు అనదు. ఒక్క అక్షరం తేడా వస్తే వీడు వేరు, వాడు వేరు. తెలివైన పిల్ల, మార్కులు ఉన్నవి, బీదరికం ఉన్నది, అర్హత ఉన్నది. అయినా స్కాలర్‌షిప్ రాదు, స్పెల్లింగు కలవలేదని. దిద్దించుకోవడానికి తండ్రి రెండు రోజుల కూలి పోగొట్టుకొని తిరగాలి. అలా తిరగలేక వదిలివేసిన పిల్లలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. మన అక్షరం యంత్రంలోకి ఆలస్యంగా వెళ్ళినందువల్ల, మన పేర్లు పరాయి అక్షరాలలో ఎవరికి తోచినట్టు వారు రాసినందువల్ల వచ్చిన నష్టమిది.

మనం చేయవలసినది

ఈ చరిత్ర అంతా చూస్తే ఒక మాట స్పష్టంగా తెలుస్తుంది. పనిముట్టు దానంతట అది ఎవరి దగ్గరికీ రాలేదు. ఎవరో ఒకరు తెచ్చారు. నవల్ కిషోర్ రాతి అచ్చును తెచ్చి నిలబెట్టాడు. మీర్జా అహ్మద్ జమీల్ వేల జోడింపులు రాశాడు. ఎవరూ తేనిచోట వంద సంవత్సరాలు గడిచినా రాలేదు. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వాన్ని అడగాలి. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ ఉర్దూకు రెండవ అధికార భాష స్థానం ఇస్తూ చట్టాలు జరిగినవి. ఆ చట్టం కాగితం మీద గాక కంప్యూటరు తెర మీద కూడా కనిపించాలని అడగడం మన హక్కు. ఉర్దూ మీడియం బడికి కంప్యూటరుతోపాటు నేర్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వమని అడగడం మన హక్కు. అయితే అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోరాదు. మన సొసైటీ తన శక్తిలో చేయగలిగిన పనులు కొన్ని ఈ సందర్భంగా సభ్యుల ముందు పెడుతున్నాను.

ఒకటి. బిడ్డను బడిలో చేర్చే రోజునే పేరును ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ అక్షరాలలో ఒకే విధంగా రాయించాలి. జనన ధృవపత్రం, ఆధార్, బడి రిజిస్టరు, బ్యాంకు పుస్తకం నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండు. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో జుమా నమాజు తర్వాత మస్జిదు ఆవరణలోనో, సొసైటీ ఆఫీసులోనో చదువుకున్న యువకులు ఒక బల్ల వేసుకొని కూర్చుని ఉచితంగా దరఖాస్తులు నింపిపెట్టాలి. ఆడవారి కోసం చదువుకున్న ఆడపిల్లలు వేరే రోజున కూర్చోవాలి.

మూడు. సొసైటీ ఆఫీసులో ఒక గది, నాలుగు పాత కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ లైను ఉంటే చాలు. సాయంత్రం వేళ ఆడపిల్లలకు స్త్రీ ఉపాధ్యాయురాలితో నేర్పించే ఏర్పాటు ఉండాలి. గల్ఫులోనూ, అమెరికాలోనూ స్థిరపడిన మన సోదరులు జకాత్, సదఖాల గురించి ఆలోచించేటప్పుడు ఈ గదిని కూడా పెద్దల సలహాతో గుర్తు చేసుకోవలసినది.

నాలుగు. ఆ గదిలో పిల్లలకు ఉర్దూ, తెలుగు రెండూ వాటి వాటి లిపుల్లో కొట్టడం నేర్పాలి. ఉర్దూ మన ఇంటి భాష, తెలుగు మన నేల భాష. రెండూ వచ్చినవాడికి ఇంగ్లీషు కూడా త్వరగా వస్తుంది. ఇది నేను తరగతి గదిలో చూసిన విషయం.

మన తాతలు పుస్తకం దొరకక నకలు రాసుకొని చదివారు. మన తండ్రులు వీధి దీపం కింద చదివారు. మన పిల్లలు పక్కింటి వైఫై కోసం గోడ పక్కన నిలబడి చదవకుండా చూడటం మన బాధ్యత. రాబోయే సంవత్సరపు సంచికలో, మన సొసైటీ గదిలో ఎందరు పిల్లలు కంప్యూటరు నేర్చుకున్నారో, ఎన్ని స్కాలర్‌షిప్పులు మంజూరయ్యాయో ఆ పట్టిక అచ్చు వేసుకునే భాగ్యం కలగాలని కోరుకుంటున్నాను.

అల్లాహ్ మన ప్రయత్నాలను సఫలం చేయుగాక. ఆమీన్.